నెత్తురు రాని చిగుళ్లు

బొగ్గు గనుల ఆసుపత్రిలో పళ్ల డాక్టరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి ఈ మధ్యే రిటైరయ్యాను. గోదావరిఖనిలోనే ఉంటున్నాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, ఇన్నేళ్లలో ఏం నేర్చుకున్నారో చెప్పండి అని అడుగుతుంటారు. నేను బాగా చేసిన పనులు చెబితే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. అవి వాళ్లూ చేస్తారు, నాకంటే బాగా చేస్తారు. నా వల్ల ఒక మనిషికి జరిగిన నష్టం గురించి చెబుతాను.

మరకలు చదివే డాక్టరు

మాది తెనాలి వైపు. ఈ నేలకు వచ్చినప్పుడు నాకు బొగ్గు గురించి తెలియదు, గనిలో దిగే మనిషి గురించి అసలే తెలియదు. గనిలోకి దిగేముందు ప్రతి ఒక్కరినీ తడిమి చూస్తారు. అగ్గిపెట్టె, బీడీ, సిగరెట్టు ఏవీ లోపలికి పోకూడదు. లోపల మండే వాయువు ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని పైన బీడీ కాల్చే మనిషి కింద ఎనిమిది గంటలు పొగాకు దవడన పెట్టుకుంటాడు. పైన ఒక అలవాటు, కింద ఒక అలవాటు. రెండూ పళ్ల మీద రాసి ఉంటాయి.

నేను ఆ రాత చదవడం తొందరగానే నేర్చుకున్నాను. నోరు తెరవగానే, "ఎడమ దవడన పెడతావు కదూ" అనేవాణ్ణి. "నీకెట్ల ఎర్కైంది సార్?" అని వాళ్లు బిత్తరపోయేవాళ్లు. నాకు అది బాగుండేది. నిజం చెప్పాలంటే చాలా బాగుండేది. మెల్లగా నాలో ఒక జబ్బు పెరిగింది. మరక ఉన్న నోరంటే చిన్నచూపు. తెల్లటి పళ్లు కనబడితే, ఇతను శుభ్రమైన మనిషి, పెద్దగా చూడాల్సిందేమీ లేదు అనుకునేవాణ్ణి.

నా మొదటి పై అధికారి సుగుణమ్మగారు. వాళ్ల నాన్న కూడా గనిలో పనిచేసినవాడే. ఆదివారం చర్చిలో ఎంత మెత్తగా ఉండేవారో సోమవారం ఆసుపత్రిలో అంత కటువుగా ఉండేవారు. ఒకరోజు నేను చూసి పంపేసిన పేషెంటును వరండాలోంచి వెనక్కి పిలిచి, ప్రోబు తీసుకుని మళ్లీ మొదట్నుంచి చూశారు. ప్రోబు అంటే పెన్సిల్ ములుకు కంటే సన్నటి కొలత కడ్డీ. దాని మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి. చిగురుకూ పన్నుకూ మధ్య సందులోకి దాన్ని మెల్లగా దించితే సందు ఎంత లోతుందో తెలుస్తుంది. మూడు దాకా పర్వాలేదు. ఆ పైన పెరిగే ప్రతి గీతా కింద ఏదో జారిపోతోందని చెబుతుంది. నేను "బాగుంది" అని రాసిన చోట ఆమె ఆరు చదివారు.

"ఏమయ్యా, పండ్లు సూసి పంపినవా? చిగుళ్లనెవలు అడుగుతరు, మీ తెనాలోళ్లా?" అన్నారు.

అందరి ముందూ అన్నారని నాకు కోపం వచ్చింది. కొన్నాళ్లు ఆమెకు భయపడి ప్రోబు వాడాను. ఆమె రిటైరయ్యాక, పేషెంట్లు ఎక్కువ, టైము తక్కువ అని నాకు నేనే చెప్పుకుని, అనుమానం వచ్చిన నోళ్లలోనే వాడటం మొదలుపెట్టాను. అనుమానం ఎలా వచ్చేది? మరకను బట్టి, లేదా నెత్తురును బట్టి.

పన్ను ఎలా నిలబడుతుంది

ఇది మీకు పుస్తకాల్లో చెప్పే ఉంటారు. అయినా మళ్లీ చెబుతాను, ఎందుకంటే నాకు దీని మీద ఆశ్చర్యం ఇప్పటికీ తీరలేదు. పన్ను ఎముకలో మేకులాగా దిగి ఉండదు. చుట్టూ సన్నటి నారలతో ఎముకకు కట్టేసి ఉంటుంది. ఆ నారల పొర మందం మిల్లీమీటరులో పావు వంతు. మొక్కజొన్న కంకి కొరికినా, జొన్నరొట్టె నమిలినా ఆ బరువంతా మోసేది అవే. అంత బరువు మోసేవే, అన్నంలో ఒక వెంట్రుక వస్తే దాన్నీ పసిగట్టి చెబుతాయి. ఇంత బలమూ ఇంత సున్నితమూ ఒకేచోట నేను ఇంకెక్కడా చూడలేదు. వాటికి కాపలా చిగురు. ఆ కాపలాకు పనిముట్టు నెత్తురు. పాచి పేరుకుంటే అక్కడికి నెత్తురు పరుగెత్తుకొస్తుంది, చిగురు ఎర్రబడుతుంది, బ్రష్ తగిలితే కారుతుంది. పేషెంటు భయపడి మన దగ్గరికొస్తాడు. ఆ భయం వల్లే చాలా పళ్లు దక్కుతాయి.

నికొటిన్ ఆ నెత్తురు దారులను బిగిస్తుంది. అది పొగలో వచ్చినా, ఆవిరిలో వచ్చినా. కింద రోగం పెరుగుతూనే ఉంటుంది, పైన చిగురు లేతగా, పొడిగా, బుద్ధిమంతురాలిలా కనిపిస్తుంది. ఈ ముక్క నేను చదువుకున్నదే, పరీక్షలో రాసిందే.

నయమే అన్న మాట

శ్రావణ్ గనిలో ఎలక్ట్రీషియన్. సెంటినరీ కాలనీ క్వార్టర్లలో ఉండేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు పాతికేళ్లుంటాయి. సిగరెట్ల మరకలు, చిగుళ్ల నుంచి నెత్తురు. పళ్లు శుభ్రం చేసి, బాగా తిట్టి పంపించాను. రెండోసారి వచ్చినప్పుడు జేబులోంచి పెన్ను లాంటి నీలం రంగు వస్తువు ఒకటి తీసి చూపించాడు.

"సార్, సిగరెట్టు ఇడిషిపెడుతున్న. గిది పొగ గాదంట, ఆవిరంట. గిది మంచిదేనా?"

నేను చేతులు కడుక్కుంటున్నాను. బయట చాలామంది కూర్చుని ఉన్నారు. ఈ-సిగరెట్ల అమ్మకం నిషేధమని నాకు తెలుసు, ఆ మాట అనలేదు. అందులో ఏముందో అడగలేదు. "సిగరెట్టు కంటే నయమేలే" అన్నాను. అతను వెళ్లిపోయాడు. ఆ మాట నేను ఆ మధ్యాహ్నానికే మరిచిపోయాను.

అతను మరిచిపోలేదు. డాక్టరు చెప్పిన మాటను అంత నిష్ఠగా పాటించిన పేషెంటు నాకు మరొకరు లేరు.

తరువాత మూడేళ్లలో మూడు నాలుగుసార్లు వచ్చాడు. ప్రతిసారీ పళ్లు తెల్లగా ఉండేవి. చిగుళ్లు లేత గులాబీ రంగులో, బిగుతుగా, నెత్తురు చుక్క లేకుండా ఉండేవి. నా దగ్గర శిక్షణకు వచ్చిన ఇద్దరికి ఆ నోరు చూపించి, మానేస్తే ఇలా ఉంటుంది అని చెప్పాను కూడా. మా దగ్గర పనిచేసే లక్ష్మక్క ఒకసారి అతను వెళ్లాక అన్నది:

"సార్, గీ పిలగాని నోట్లకెల్లి ఎప్పుడు జూసినా మామిడిపండు వాసనొస్తది. గిది మామిడిపండ్ల కాలమా?"

"చూయింగ్ గమ్ అయ్యుంటుంది లక్ష్మక్కా."

"ఏమో సార్. గమ్ము వాసన పంటి మీద ఉంటది. గిది గొంతుల నుంచి వస్తంది."

నేను నవ్వాను. ఇరవై ఏళ్లుగా నా పక్కన నిలబడి, నాకంటే ఎక్కువ నోళ్లను దగ్గర నుంచి చూసిన మనిషి చెప్పిన మాటకు నేను నవ్వాను.

ఆ ఏడాదే శ్రావణ్ రెస్క్యూ టీముకు పేరిచ్చాడు. గనిలో మంట పుట్టినా, కప్పు కూలినా అందరూ బయటికి పరుగెత్తుతుంటే లోపలికి నడిచేది వాళ్లు. అందులో ఉండాలని అతనికి ఎంత కోరికో మాటల్లో తెలిసేది. దానికి పళ్ల పరీక్ష కూడా ఉంటుంది, కారణముంది. గనిలో దిగే ప్రతి మనిషి నడుముకూ సెల్ఫ్ రెస్క్యూయర్ అనే డబ్బా వేలాడుతుంది. విషవాయువు కమ్మితే దాన్ని తెరిచి, అందులోని రబ్బరు ముక్కను నోట్లో పెట్టుకుని పళ్లతో కరిచి పట్టుకోవాలి. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, దాంట్లోంచే ఊపిరి పీలుస్తూ బయటికి నడవాలి. దారిలో నోరు తెరిస్తే ప్రాణం పోతుంది. అందరికీ అవసరమైన ఆ పట్టు రెస్క్యూ మనిషికి ఇంకా ఎక్కువ అవసరం.

"పొగాకు అలవాటుందా?" అని అడిగాను.

"లేదు సార్. మీరే మాన్పిస్తిరి గద."

నాకు సంతోషం వేసింది. రెండు నిమిషాల్లో చూసి, చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్నాయని సంతకం పెట్టాను. ప్రోబు ట్రేలోనే ఉంది, చేత్తో ముట్టలేదు.

ఎనిమిది గీతలు

అయిదు నెలల తర్వాత రెస్క్యూ స్టేషన్ శిక్షకుడు ఓదెలు అతన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఓదెలు యాభై దాటిన మనిషి, అంతకుముందు చాలా ఏళ్లు భూమి లోపల పనిచేశాడు.

"డ్రిల్లుల రబ్బరు ముక్క పట్టుకోలేకపోయిండు సార్. ఇరవై అడుగులు నడిషిండు, తీసేసిండు. కింది పండ్లు గుంజుతున్నయంటడు. నాటకాలాడుతుండని తిట్టిన. మళ్ల ఏలు పెట్టి జూస్తే పన్ను ఊగుతంది."

"అతని చిగుళ్లు నేను చూశానే. బాగున్నాయి."

"మీరు సూసిన్రు సార్," అన్నాడు ఓదెలు. "పన్నైతే ఊగుతంది."

శ్రావణ్‌ను కుర్చీలో పడుకోబెట్టి ప్రోబు తీసుకున్నాను. కింది ముందు పన్ను పక్కన దించాను. మూడు దగ్గర ఆగాల్సింది ఆగలేదు. నాలుగు. అయిదు. చేతికి ఏ అడ్డూ తగలలేదు. ఎనిమిది దగ్గర ఆగింది. పక్క పన్ను ఏడు, దాని పక్కది మళ్లీ ఎనిమిది. ప్రోబు బయటికి తీసి లైటు కింద చూశాను. కడ్డీ శుభ్రంగా ఉంది. అంత లోతుకు వెళ్లి వచ్చిన కడ్డీకి నెత్తురు మరక లేకపోవడం చూసి ఎక్స్‌రే తీయించాను. ఎక్స్‌రేలో నాలుగు కింది పళ్ల చుట్టూ ఎముక సగానికి పైగా లేదు. ఇంత విధ్వంసం జరుగుతుంటే ఒక్క చప్పుడు లేదు. శరీరం ఇంత మౌనంగా కూడా ఓడిపోగలదని నాకు ఆ రోజు కంటికి కనబడింది.

"ఏం వాడుతున్నావు నాయనా?" అని అడిగాను.

"ఏం లేదు సార్. గదే, మీరు నయమన్నది." అతను జేబులోంచి తీశాడు. ఈసారిది ఆకుపచ్చ రంగు. "కరీంనగర్ల దొరుకుతది. లోపటికి మాత్రం ఎన్నడు కొంచవోలే, ఒట్టు. బండి డిక్కీల వెట్టి దిగుత. పైకొచ్చినంకనే."

నేను ఎప్పుడు అన్నానని అడిగాను. ఎప్పుడన్నానో, ఎక్కడ నిలబడి అన్నానో చెప్పాడు. చేతులు కడుక్కుంటున్నానని కూడా చెప్పాడు.

ఓదెలు ఎక్స్‌రే చేతిలోకి తీసుకుని చూశాడు. "ఎన్కట కప్పుకు కట్టెలు నిలబెట్టేటోళ్లం సార్. కప్పు దిగుతుంటె కట్టె కిర్రు కిర్రుమని మొత్తుకునేది. గా సప్పుడు ఇని ఉరికొచ్చి బతికినోళ్లం మేం. గీ తమ్ముని నోట్ల గా కట్టెకే గొంతు పిసికినట్టైంది."

నా చదువు మొత్తం చెప్పలేని మాట అది. శ్రావణ్‌తో అప్పుడే చెప్పాను: "నేను తప్పు చెప్పాను. తరువాత తప్పుగా చూశాను. రెండూ నావే." అతను నమ్మనట్టు చూశాడు. డాక్టరు అలా అనడం అతను ఎప్పుడూ వినలేదు. నేనూ అంతకుముందు ఎవరితోనూ అనలేదు.

నెత్తురు తిరిగి రావడం

ఇక్కడ ఒక మాట. శ్రావణ్ పళ్లు కదలడానికి ఆవిరి ఒక్కటే కారణమని నేను చెప్పను. అంతకుముందు సిగరెట్లున్నాయి, హడావిడిగా బ్రష్ చేయడం ఉంది. ఈ వస్తువు కొత్తది, దాని మీద పరిశోధన ఇంకా సాగుతోంది. నోరు ఆరిపోతుంది, క్రిములు మారతాయి, చిగుళ్ల సందుల లోతు పెరుగుతుంది అని తెలుస్తున్నది కొంత, తెలియాల్సింది చాలా. కానీ అందులోని నికొటిన్ నెత్తురును అణిచి నాలాంటి డాక్టరును మోసం చేయగలదన్నది నేను నా చేత్తో తెలుసుకున్నాను.

అతను ఆ రోజే మానేశాడు. నేను చిగుళ్ల కింద శుభ్రం చేయడం మొదలుపెట్టాను. ఒక పన్ను దక్కలేదు, తీసేయాల్సి వచ్చింది. మిగతా వాటికి లోపలివైపు సన్నటి తీగ అతికించి కదలకుండా కట్టాను. మూడో వారంలో పిలవకుండానే వచ్చాడు. కోపంగా ఉన్నాడు.

"ఏంది సార్ గిది? మానుమంటె మానిన. మానిన కాడికెల్లి నెత్తురే. పొద్దుగాల బ్రష్ జేస్తే సింకంత ఎర్రగైతంది. తాగినప్పుడే మంచిగుండె."

నేను చూశాను. పాలిపోయిన చిగుళ్ల అంచుల్లో సన్నటి ఎరుపు గీత. కొన్నేళ్లుగా మూతపడ్డ దారులు తెరుచుకుంటున్నాయి. నెత్తురు ఆ చోటుకు మళ్లీ దారి కనుక్కుంది. చిగుళ్ల నెత్తురు చూసి ఆనందించడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. అద్దం చేతికిచ్చి, ఇది ఎందుకో, కొన్ని వారాల్లో ఎలా తగ్గుతుందో వివరించాను.

"అంటే నెత్తురొస్తుంటే సంబురపడాల్నా?"

"ఈ ఒక్కసారికి."

"దావత్ ఇయ్యి తమ్మీ," అంది లక్ష్మక్క ట్రే సర్దుతూ. "సారైతే అప్పుడే నవ్వుతుండు."

పేరు కొట్టేయించిన రోజు

నెలన్నరకు నెత్తురు తగ్గింది. కొలతలు కొంచెం దిగాయి. డ్రిల్లు రోజుల్లో అతనికి జ్వరమొచ్చిందనో, పంటి నొప్పి అనో ఓదెలు పైవాళ్లకు సర్దిచెబుతూ వచ్చాడు. శ్రావణ్ పేరు రెస్క్యూ జాబితాలోనే ఉంది, నా సంతకం దాని కిందే ఉంది. ఆ సంతకం వెనక్కి తీసుకుంటానని చెప్పినప్పుడు అతను కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు.

"వద్దు సార్. నయమైతంది గద. మీకెర్క, నాకెర్క, ఓదెలు కాకకెర్క. ఇంకెవ్వలకు చెప్పకుండ్రి."

"రేపు నిజంగా లోపలికి పోవాల్సి వస్తే?"

"పోత. కరుసుకోని పోత."

"పట్టు జారితే నువ్వొక్కడివే పోవు. నిన్ను మోసుకురావడానికి ఇంకో ఇద్దరు ఆగుతారు."

అతను కుర్చీ దిగి నిలబడ్డాడు. తర్వాత అన్నాడు: "తప్పు మీది. శిక్ష నాకా సార్?"

మరుసటి రోజు రెస్క్యూ స్టేషన్‌కు వెళ్లి, నేను చూడకుండా సంతకం పెట్టానని చెప్పాను. నేను చూసిన మిగతావాళ్లందరినీ మళ్లీ కొలుస్తానని కూడా చెప్పాను. కొలిచాను. ఇలాంటివాళ్లే ఇంకో ఇద్దరు దొరికారు, ఇద్దరి పళ్లూ తెల్లగానే ఉన్నాయి. శ్రావణ్ పేరు కొట్టేశారు. భూమి లోపలి డ్యూటీ కూడా ఆపి, పైన ల్యాంపు రూములో వేశారు. దిగేవాళ్లకు దీపాలు, ఆ సెల్ఫ్ రెస్క్యూయర్ డబ్బాలు అందించే పని.

అతను వైద్యం మానలేదు. ప్రతి నెలా టైముకు వచ్చేవాడు, నోరు తెరిచేవాడు, మూసేవాడు, వెళ్లిపోయేవాడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఏదైనా అడగాలంటే లక్ష్మక్కను అడిగేవాడు. ఒక మనిషి కోపాన్నంతా నోట్లోనే పెట్టుకుని ఆ నోటినే నా చేతికి అప్పగించడం, అది నేను మోయగలిగినంత గౌరవం కాదు.

మీకు చెప్పేది

పొగ తాగుతారా అని అడగకండి. లేదంటారు, అది అబద్ధం కూడా కాదు. నోట్లోకి ఏమేం పోతున్నాయి అని అడగండి. పెన్ను లాంటిది, పండ్ల వాసనది, స్నేహితుడి దగ్గర ఎప్పుడైనా పీల్చినది, అన్నీ అడగండి. తిట్టకండి. నేను మొదటిరోజు తిట్టకపోతే అతను రెండోసారి అంత భయంగా, నా మెప్పు కోసం అడిగి ఉండేవాడు కాదు. తెలియకపోతే తెలియదు అనండి. మీ పక్కన నిలబడే లక్ష్మక్కల మాట వినండి. ప్రతి నోటినీ కొలవండి. టైము లేదని మీకు అనిపించినప్పుడు అది నిజమే. అయినా కొలవండి.

గాజు కిటికీ వెనక

నా తర్వాత వచ్చిన డాక్టరు చిన్నమ్మాయి. శ్రావణ్‌ను రెస్క్యూ కోసం మళ్లీ పరీక్షించే బాధ్యత ఆమెకే ఇవ్వమని నేనే అడిగాను. ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల కొలిచింది. అరగంట పట్టింది. "ఇప్పుడే కాదన్నా, ఆర్నెల్లకు రా" అని పంపించింది. నేను అయితే సరే అనేసేవాణ్ణేమో. ఆర్నెల్లకు మళ్లీ కొలిచింది, రబ్బరు ముక్క కరిపించి లాగి చూసింది, అప్పుడు ఒప్పుకుంది. నేను అప్పటికి రిటైరయ్యాను.

డ్రిల్లుకు రమ్మని ఓదెలు ఫోన్ చేశాడు. రెస్క్యూ స్టేషన్‌లో పొగ నింపిన సొరంగం లాంటి పొడుగు గది ఉంటుంది. పక్కన గాజు కిటికీ. నేను దాని వెనక నిలబడ్డాను. ఆ పొగలో ఒకరి వెనక ఒకరు, నోట్లో రబ్బరు ముక్క కరుచుకుని, ఒంగి నడుస్తూ ఆరుగురు. ఎవరు ఎవరో తెలియలేదు. ఆరు జతల పళ్లు, వాటి వెనక ఆరు ప్రాణాలు. ఇన్నేళ్లు నేను ముట్టుకున్న పళ్లు దేన్ని పట్టుకుని ఉంటాయో నేను చూడటం అదే మొదటిసారి. ఆరుగురూ చివరిదాకా నడిచారు.

బయటికొచ్చాక శ్రావణ్ నన్ను చూసి ఆగాడు. ముక్కు మీద క్లిప్పు అచ్చు ఎర్రగా ఉంది. నా ముందుకొచ్చి, తల వెనక్కి వంచి, నోరు తెరిచాడు. చిగుళ్లు గులాబీ రంగులో, బిగుతుగా, చక్కగా ఉన్నాయి.

"చూసి చెప్పలేను శ్రావణ్," అన్నాను. "రేపు మేడమ్ దగ్గరికెళ్లి కొలిపించుకో."

అతను నోరు మూసి, ఏడాది తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు.

"ఇగో, గిప్పుడు డాక్టర్ లెక్క మాట్లాడినవ్ సార్."